కవల మూత

ఇరవై రెండు. ఎర్ర అంకెలు ఇరవై రెండు దగ్గర మొదలై మైనస్ యాభై డిగ్రీల దాకా దిగాలి. దానికి గంట పడుతుంది. ఆ గంటసేపు ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అంకెలు చూడడం తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. చలిపెట్టె అంటాం దీన్ని. నిలువెత్తు బీరువా అంత ఉంటుంది, తలుపులో గుండ్రటి గాజు కిటికీ, లోపల చిన్న దీపం, ఆ వెలుగులో పెద్ద పళ్ళెమంత మూత ఒకటి తన కీలు మీద మూసుకుని ఉంది. పదకొండేళ్ళుగా నా ఉద్యోగం ఆ మూత. ఈ సంస్థలో రాకెట్లు చేసేవాళ్ళున్నారు, రేడియోలు చేసేవాళ్ళున్నారు, ఎండను కరెంటుగా మార్చే పలకలు చేసేవాళ్ళున్నారు, వాళ్ళ పిల్లలు బడిలో గొప్పగా చెప్పుకుంటారు. మా అమ్మాయి మాత్రం మా అమ్మ మూత చేస్తుంది అని చెప్పి, క్లాసంతా నవ్వితే ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఇక్కడ నన్ను అందరూ మూత మేడం అంటారు, చాటుగా కాదు, మొహం మీదే. అనుకోనీ. ఆ మూత కింద ఉండేది టెలిస్కోపు, ఆ టెలిస్కోపు ఉండేది సైన్యం కోసం కట్టిన ఉపగ్రహంలో, ఆ ఉపగ్రహం చూడాల్సింది కింద భూమిని కాదు, పైన తిరిగే మిగతా ఉపగ్రహాలను. మనవాటి దగ్గరకు ఎవరిది వస్తోంది, ఎంత దగ్గరకు వస్తోంది, వచ్చి ఏం చేస్తోంది అని. అంటే కాపలావాడు. పైకి వెళ్ళేదాకా అద్దం మీద దుమ్ము పడకూడదు కాబట్టి మూత. వెళ్ళాక ఒక్కసారి తెరుచుకుంటుంది, తొమ్మిది సెకన్లలో, మళ్ళీ మూసుకోదు. తెరుచుకోకపోతే ఇంతమంది ఇన్నేళ్ళు పాటుపడి పంపిన కాపలావాడు కళ్ళు మూసుకుని భూమి చుట్టూ తిరుగుతాడు, ఎవరూ వెళ్ళి తట్టి లేపలేరు. ప్రయోగానికి ఇంకా ఐదు వారాలుంది. ఈ గంట అయ్యాక మీట నొక్కుతాను. మూత తెరుచుకుంటే తెరుచుకుందని సంతకం పెడతాను. తెరుచుకోకపోతే ఏం చేస్తానో నాకింకా తెలియదు, తెలియకుండానే వచ్చి కూర్చున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

పద్దెనిమిది. పెట్టె గొణుక్కుంటూ పనిచేస్తోంది. ఎదురు బల్ల దగ్గర నాణ్యతాధికారి కూర్చున్నాడు. అతన్ని మేమంతా ముద్ర అంటాం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతను చేసే పని అదొక్కటే కాబట్టి. ఇవాళ్టి సర్టిఫికెట్ అప్పుడే నింపేసి తెచ్చాడు. తేదీ, గది నంబరు, ఉష్ణోగ్రత మైనస్ యాభై, ఫలితం అన్న చోట తెరుచుకుంది అని టైపు చేసి ఉంది, నేను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు కూడా ఉంది. పెట్టె ఇంకా పద్దెనిమిది దగ్గరే ఉంది. ముందే టైపు చేయించేశారేం అని అడిగాను. "తొమ్మిదిసార్లూ అదే కదా మేడం, పదోసారి కొత్తగా ఏముంటుందని," అన్నాడు, మాట మధ్యలో ఆవులించాడు, నాలుక మీద నమిలిన బిస్కెట్టు కనిపించింది. అతన్ని తిట్టి ఏం లాభం, ఆ తొమ్మిదింటి కిందా ఉన్నది నా సంతకమే, పెన్సిలు గుర్తు మీద కచ్చితంగా కూర్చునే గుండ్రటి సంతకం. చేతులు తుడుచుకుంటూ ఫిట్టరన్న వచ్చి పెట్టె వెనకాల గొట్టాలు చూసి వెళ్ళాడు. నాకంటే మూడు నెలలు పెద్దవాడు, ఈ మూత కీలును నేను కాగితం మీద గీస్తే లోహంలో కోసినవాడు అతను. పొద్దున మూతను పెట్టెలో బిగిస్తున్నప్పుడు నా వైపు ఒకసారి చూశాడు. ఆరు నెలలుగా మూతను నేను ఎందుకు తాళంలో పెట్టి ఉంచానో ఈ భవనంలో నాకు కాకుండా ఇంకొకరికి తెలుసంటే అది అతనికే.

తొమ్మిది. ఐదేళ్ళ కిందట ఉపగ్రహం సిద్ధమైన రోజున మేమంతా తెల్లకోట్లు వేసుకుని దాని ముందు ఫొటో దిగాం. ఆ ఫొటోలో ఉన్నవాళ్ళలో నలుగురు రిటైరయ్యారు, ఒకాయన పోయాడు, అందులో నాకు జుట్టు నల్లగా ఉంది. మూడు నెలల్లో ఎగురుతుందన్నారు. రెండో నెలలో ఇంకెవరిదో ఉపగ్రహాన్ని మోసుకెళ్ళిన రాకెట్టు సముద్రంలో పడింది, విచారణ అన్నారు, ఆ విచారణకు పది నెలలు. సరే, అది న్యాయమే అనుకుందాం. తర్వాత నక్షత్రాలను చూసి దారి పట్టే చిన్న కెమెరా కావాలి, అమ్ముతామన్న పరాయి దేశం అమ్మం పొమ్మంది, మేమే చేసుకునేసరికి ఏడాదిన్నర. తర్వాత మంత్రి మారాడు, కొత్త మంత్రికి ప్రాజెక్టు అర్థం కావాలన్నారు, ఆయనకు అర్థమయ్యేలోపు ఆయనా మారాడు. తర్వాత కింద నుంచి ఉపగ్రహాన్ని నడిపే గది కట్టారు, మొదటి వానకే పైకప్పు కారి కొత్త కంప్యూటర్ల మీద బకెట్లు పెట్టాల్సి వచ్చింది. తర్వాత ఇన్ని వాయిదాలు ఎందుకు పడ్డాయో తేల్చడానికి ఒక కమిటీ వేశారు, ఆ కమిటీ గడువు పొడిగించమని మూడుసార్లు అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియక మేం కాంటీన్‌లో టీ తాగేవాళ్ళం. ఆరోసారి రాకెట్టు సిద్ధం, ఉపగ్రహం సిద్ధం, ఆకాశం అద్దంలా ఉంది, మీట నొక్కాల్సిన పెద్దమనిషికి మాత్రం ఆ వారం తీరిక లేదు. ఆయనకు తీరిక దొరికే లోపల ఆ రాకెట్టును ఇంకో ఉపగ్రహం వాళ్ళు ఎత్తుకుపోయారు. ఈ మధ్యలో పైన జరిగేది జరుగుతూనే ఉంది. రెండేళ్ళ కిందట ఎవరిదో ఉపగ్రహం మన సైన్యం మాటలు మోసే ఉపగ్రహం పక్కకు వచ్చి నాలుగు నెలలు అక్కడే మకాం పెట్టింది. అది మనకెలా తెలిసిందంటే, ఎక్కడో ఒక స్కూలు మాస్టారు సరదాగా మేడ మీద టెలిస్కోపు పెట్టుకుని ఫొటో తీసి నెట్‌లో పెడితే తెలిసింది. మా డైరెక్టర్ ఆ ఫొటోను మీటింగులో తెర మీద వేసి, చూశారా మన ప్రాజెక్టు ఎంత అవసరమో అని మురిసిపోయాడు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన చోట మురిసిపోయాడు. ఆయన పేరు మాలో తారీఖు. ఏ ప్రశ్న అడిగినా ఒక తారీఖు చెబుతాడు, ఆ తారీఖు దాటిపోయాక ఇంకోటి చెబుతాడు, ముఖంలో ఒక్క గీత కూడా మారదు.

మూడు. సున్నా దగ్గరకొచ్చేసరికి గాజు మీద మంచు పొర మొదలవుతుంది, లోపల మూత అంచులు మసకబారతాయి. ఇది అసలు మూత కాదు. అసలుది ఉపగ్రహానికి బిగించి ఉంది, ఐదేళ్ళుగా మూసే ఉంది, దాన్ని కింద తెరవకూడదు. తెరిస్తే అద్దం మీద దుమ్ము పడుతుంది, దుమ్ము దులపాలంటే ఉపగ్రహాన్ని సగం విప్పాలి. అందుకని మేం పెట్టుకున్న పద్ధతి ఇది. అసలుది చేసిన రోజునే, అదే లోహంతో, అదే డబ్బాలోని గ్రీజుతో, అదే చేతులతో దానికి కవలను చేశాం. దాన్ని అసలుదాని లాగే మూసి ఉంచాలి, ఎవరూ ముట్టుకోకూడదు, ఆరు నెలలకోసారి చలిపెట్టెలో పెట్టి తెరిచి చూడాలి. కవల తెరుచుకుంటే అసలుదీ తెరుచుకుంటుందని నమ్మకం. ఈ నియమం రాసింది నేనే, నాలుగు పేజీలు, ఎంత ముచ్చటగా రాశానో. రాసిన రెండో నెలలో ఎవరో పెద్దలు చూడడానికొస్తున్నారని తారీఖు మా గదికి పరిగెత్తుకొచ్చాడు. ఉపగ్రహం కదలదు, మెదలదు, బంగారు కాగితం చుట్టిన అట్టపెట్టెలా ఉంటుంది, వచ్చినవాళ్ళకు ఏం చూపించాలి? "మీ కవల కదులుతుంది కదమ్మా, ఒక్కసారి తెచ్చి తెరిచి చూపించండి, అంతే," అన్నాడు. తీసుకెళ్ళాను. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద కవలను పెట్టి, మీట నొక్కాను. తొమ్మిది సెకన్లలో పూవులా తెరుచుకుంది, కోట్లు వేసుకున్న మనుషులంతా చప్పట్లు కొట్టారు. నాకు ఎంత బాగుందో. అది దాచుకోవడం దేనికి, నాకు చాలా బాగుంది. జన్మలో ఎవరూ మూతకు చప్పట్లు కొట్టలేదు.

మైనస్ ఆరు. తర్వాత వచ్చినవాళ్ళంతా అదే అడిగారు. మంత్రులు, మంత్రుల భార్యలు, సైన్యం వాళ్ళు, కాలేజీ పిల్లలు, పత్రికల వాళ్ళు, విదేశీ బృందం ఒకటి, ఎవరొచ్చినా చివర్లో నల్లగుడ్డ, కవల, మీట. కొందరు తామే నొక్కుతామనేవారు, ఒక మంత్రిగారి మనవరాలు వరసగా పదకొండుసార్లు నొక్కింది, ఆ పిల్ల నవ్వుకు అందరం నవ్వాం. మూతను మళ్ళీ మూయాలంటే చేత్తో తిప్పే పిడి ఉండాలి, దాన్ని తిప్పేది ఫిట్టరన్న, ప్రతిసారీ తలవంచుకుని తిప్పేవాడు. వారానికి ఒకసారి, ఒక్కోవారం మూడుసార్లు. ఆరు నెలలకోసారి చలిపెట్టెలో పెడితే కవల చక్కగా తెరుచుకునేది, తొమ్మిది సెకన్లు, ముద్ర ముద్ర కొట్టేవాడు, నేను సంతకం పెట్టేదాన్ని. ఎందుకు తెరుచుకోదు? పహిల్వానుకు రోజూ సాము చేయించి, వాడి తమ్ముణ్ణి ఐదేళ్ళు మంచానికి కట్టేసి, వాడు పరిగెత్తాడు కాబట్టి వీడూ పరిగెత్తుతాడని రాసిచ్చినట్టు. ఇంత తేలిక విషయం, చదువులేని వాడికైనా తట్టే విషయం, నలభైమంది ఇంజినీర్లున్న ఈ భవనంలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, అందరికంటే ముందు నాకు తట్టాలి, ఆ నియమం నాది.

మైనస్ పద్నాలుగు. గాజు తుడిచాను. మా నాన్న కూడా ఇలాగే గాజు తుడిచేవాడు, చొక్కా చివరతో, గడియారాల గాజు. మందుల దుకాణానికీ బట్టల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న చిన్న కొట్టు, ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడాలి, కంటికి భూతద్దం బిగించుకుని అరవై ఏళ్ళు ఆ కొట్లో కూర్చున్నాడు. ఏడాదిన్నర కిందట ఆయన ఆస్పత్రిలో ఉన్నాడని చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఇవాళే బయల్దేరు, డాక్టర్ ఏం చెప్పలేనంటున్నాడు," అంది. రేపు పొద్దున పెద్ద సమీక్ష ఉందే, దాని మీదే ప్రయోగం ఆధారపడి ఉంది, అది కాగానే మధ్యాహ్నం బండికి వస్తాను అన్నాను. సమీక్షకు పది గంటలకు వెళ్ళి కూర్చున్నాం, పదకొండుకు తారీఖు వచ్చి, పై నుంచి రావాల్సిన వాళ్ళు రావడం లేదు, వచ్చే నెలకు పెట్టుకుందాం అన్నాడు, అందరం కాగితాలు సర్దుకున్నాం. పదకొండూ పదికి చెల్లి మళ్ళీ ఫోన్ చేసింది. అప్పటికి నాన్న లేడు. ఆ నెల జరగాల్సిన సమీక్ష ఆ నెలా జరగలేదు, తర్వాతి నెలా జరగలేదు, చివరికి అది అవసరం లేదని తేల్చారు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గొంతులో ఏదో చేదుగా లేస్తుంది. ఎవరి మీద కక్కాలో తెలియని చేదు. ఆ రోజు నేను లేచి వెళ్ళిపోయి ఉంటే ఎవరైనా కాళ్ళు పట్టుకుని ఆపేవారా? ఎవరూ ఆపేవారు కారు. నేనే కూర్చున్నాను, పిలిచినప్పుడు వచ్చి, పొమ్మన్నప్పుడు పోయే మనిషిగా తయారయ్యాను కాబట్టి.

మైనస్ ఇరవై రెండు. కొట్టు ఖాళీ చెయ్యడాన్నీ అలాగే వాయిదా వేశాను, ఏడాది. చెల్లి పోరుపెట్టగా పెట్టగా ఆరు నెలల కిందట, తొమ్మిదో పరీక్ష అయిన మర్నాడు, ఇద్దరం వెళ్ళి షట్టరెత్తాం. డ్రాయరులో బాగుచేసిన గడియారాలు కొన్ని, తీసుకెళ్ళడానికి ఎవరూ రానివి, ఒక్కోదానికి దారంతో చీటీ కట్టి ఉంది. ఒకదానికి కీ ఇచ్చాను. నడవలేదు. ఇంకోటి, అదీ నడవలేదు. మూడోది చెవి దగ్గర పెట్టుకుని ఊపితే నాలుగు అడుగులు వేసి ఆగింది. చిన్నప్పుడు ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని అడిగిన మాట గుర్తొచ్చింది, నాన్నా, కొత్తగా ఉంది కదా, ఎందుకు పాడైంది అని. "రోజూ కట్టుకునే గడియారం నా దగ్గరకు త్వరగా రాదు తల్లీ. బీరువాలో దాచినవే వస్తాయి. లోపల నూనె కదలాలి. కదలకపోతే గట్టిపడి జిగురైపోతుంది, నేను మళ్ళీ అంతా కడిగి వెయ్యాల్సిందే," అన్నాడు. ఆ కొట్లో, చేతిలో ఆగిన గడియారంతో, నాకు ఒళ్ళు చల్లబడింది. వారానికి మూడుసార్లు చప్పట్ల మధ్య తెరుచుకునే కవల. ఐదేళ్ళుగా ఒక్కసారీ కదలని అసలుది. చెల్లి ఏమైందే అలా ఉన్నావని అడిగింది, దుమ్ము అన్నాను. మాది నూనె కాదు, గ్రీజు, అంతరిక్షం కోసం చేసింది, ఇదీ అదీ ఒకటి కాదని బండిలో వస్తున్నంతసేపూ నాకు నేనే చెప్పుకున్నాను. నమ్మలేదు.

మైనస్ ముప్ఫై. మర్నాడు ఆఫీసుకొచ్చి కవల మోటారు వేడెక్కుతోంది, పదో పరీక్ష దాకా బయటికి తియ్యకూడదు అని తారీఖుకు కాగితం రాశాను. పచ్చి అబద్ధం. ఆయన మొహం మాడ్చుకుని, మరి వచ్చినవాళ్ళకు ఏం చూపించాలమ్మా అన్నాడు, వీడియో చూపించండి సార్ అన్నాను. నా బీరువాలో పెట్టి తాళం వేసి తాళంచెవి పర్సులో వేసుకున్నాను. నా లెక్క నాకుంది. ఆరు నెలలు కదలకుండా ఉంచి తెరిచి చూస్తే తేలిపోతుంది, తేలాక నోరు విప్పొచ్చు, ఊరికే అనుమానం మీద ఇంత పెద్ద ప్రాజెక్టును ఆపడం ఎలా? ఈ వాక్యం ఎంత బాగుందో చూడండి. తేలాక నోరు విప్పొచ్చు. తారీఖు మాట్లాడే భాష ఇదే, కమిటీ రాసిన భాష ఇదే, నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చింది. అప్పటికి ఉపగ్రహం పక్క భవనంలోనే ఉంది, ఆ రోజు చెప్పి ఉంటే రెండు నెలల పని, కీలు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టి మళ్ళీ బిగిస్తే సరిపోయేది. నేను తేలడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. నా కళ్ళ ముందే దాన్ని పెట్టెలో పెట్టారు, లారీ ఎక్కించారు, ప్రయోగ కేంద్రానికి పంపారు, రాకెట్టు నెత్తిన కూర్చోబెట్టి చుట్టూ కవచం మూశారు. లారీ గేటు దాటుతున్నప్పుడు అందరం వరసగా నిలబడి చేతులూపాం, నేనూ ఊపాను. ఇప్పుడు దింపాలంటే పది నెలలు. ఐదేళ్ళుగా వాయిదాలు వేసినవాళ్ళందరినీ పేరుపేరునా అసహ్యించుకుంటూ వచ్చాను, ఏడో వాయిదా తయారుచేసింది నేనే, నా బీరువాలో, తాళం వేసి.

మైనస్ ముప్ఫై తొమ్మిది. పొద్దున బయల్దేరుతుంటే మా అమ్మాయి, ఇప్పుడది కాలేజీలో చదువుతోంది, పళ్ళు తోముకుంటూ అద్దంలోంచే అడిగింది, "ఏంటమ్మా, రాత్రి నుంచీ మాట్లాడట్లేదు, మళ్ళీ వాయిదానా?" అని. లేదే, ఇవాళ పరీక్ష అంతే అన్నాను. "తెరుచుకుంటుందిలే, నీ మూత ఎప్పుడైనా మొరాయించిందా," అంది. నన్ను ఊరడించాలని అంది, ఆ పిల్లకు ఏం తెలుసు. నా రిటైర్‌మెంటుకు ఇంకా నాలుగు నెలలుంది. సంతకం పెట్టేస్తే ప్రయోగం నాడు ముందు వరసలో కూర్చోబెడతారు, మెడలో గుర్తింపు కార్డు, పక్కన అమ్మాయి. పైకి వెళ్ళాక మూత తెరిచేది ఇరవయ్యో రోజున, ఆలోపు పొగడ్తలన్నీ అయిపోతాయి. తెరుచుకోకపోతే విచారణకు ఏడాది, కారణం తెలియదని రాస్తారు, పైకెళ్ళి చూసేవాడెవడు? ఎవరికీ దొరకను. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధమాడను, ఆరు నెలల్లో చాలాసార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా హాయిగా కూడా ఉంది. ఆ హాయి గుర్తొస్తేనే ఇప్పుడు రోత పుడుతోంది.

మైనస్ నలభై ఐదు దగ్గర తలుపు తెరుచుకుని తారీఖు వచ్చాడు, వెనకాల కల్నల్. ఈ కల్నల్‌ను రెండుసార్లే చూశాను. నలభై ఏళ్ళు దాటి ఉండవు, ఉపగ్రహం పైకి వెళ్ళాక అది పంపే బొమ్మలు చూడాల్సిన దళం అతనిది. మూడేళ్ళుగా ఆ దళం బొమ్మలు లేని తెరల ముందు డ్యూటీ చేస్తోందని ఎవరో చెప్పగా విన్నాను. టోపీ తీసి చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు, కుర్చీ వేస్తే వద్దన్నాడు. తారీఖు మాత్రం పెళ్ళివారిలా హడావిడిగా ఉన్నాడు, రండి సార్, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది, మా కవల అంటే మాకు ప్రాణం, ఐదేళ్ళలో ఒక్కసారి కూడా మమ్మల్ని తలదించుకునేలా చెయ్యలేదు అంటున్నాడు. ముద్ర స్టాంపు మూత తీసి ఇంకు తడి చూసుకున్నాడు. ఫిట్టరన్న పెట్టె పక్కకొచ్చి నిలబడ్డాడు. అంకెలు మైనస్ యాభై దగ్గర ఆగి, కాసేపు యాభై ఒకటికీ యాభైకీ మధ్య ఊగి, నిలబడ్డాయి. గాజు తుడిచాను. మీట నొక్కాను.

మోటారు శబ్దం వచ్చింది. మూడు, నాలుగు, ఐదు. మూత అంచు దగ్గర వెలుగు గీత రావాలి. తొమ్మిది. రాలేదు. పదమూడు, పద్నాలుగు. ఫిట్టరన్న పెట్టెకు చెవి ఆనించి, "మోటారు లాగుతోంది మేడం, కీలు రావట్లేదు," అన్నాడు మెల్లిగా. ముప్ఫై దగ్గర మోటారు దానంతటదే ఆగిపోయింది. నాకు సంతోషంగా ఉంది, నేననుకున్నది నిజమైంది, ఆ వెంటనే ఆ సంతోషం మీద పేడ కుమ్మరించినట్టు అర్థమైంది, ఆరు నెలలకే ఇది ఇలా అయితే ఐదేళ్ళకు అది ఎలా ఉంటుందో. తారీఖు ముందుగా నవ్వాడు. "ఇంకోసారి నొక్కండమ్మా," అన్నాడు. నొక్కాను. అదే శబ్దం, అదే ముప్ఫై. "చలి మరీ ఎక్కువ పెట్టినట్టున్నారు," అన్నాడు. పైన అంతే ఉంటుంది సార్ అన్నాను. "పైన ఎండ కూడా ఉంటుంది కదమ్మా. ఓ ముప్ఫై, నలభై డిగ్రీలు పెంచి చూడండి, అదే తెరుచుకుంటుంది." ముద్ర తలెత్తి, "ఎన్నోసారికి తెరుచుకుందని ఫారంలో ఎక్కడా అడగలేదు సార్," అన్నాడు, సాయం చేస్తున్నవాడి గొంతుతో. ఎవరూ సిగ్గుపడలేదు. ఎండట. సూర్యుణ్ణి కూడా వీళ్ళు సర్టిఫికెట్‌లో ఇరికించగలరు. అంకెల వైపు చూస్తే మైనస్ నలభై ఎనిమిది ఉంది. ఎవరు పెంచారా అని చూస్తే, పెట్టె చలి తగ్గించే మర మీద ఉన్నది నా చెయ్యి. ఆయన అనడమే తడవు దానంతటది వెళ్ళి తిప్పేసింది, నన్ను అడగలేదు, పదకొండేళ్ళ అలవాటు. ఆ చేతిని అంత అసహ్యంగా ఎప్పుడూ చూసుకోలేదు. తీసేశాను, చీరకు తుడుచుకున్నాను.

బల్ల దగ్గరకు వెళ్ళి ముద్ర ముందున్న కాగితం లాక్కున్నాను. తెరుచుకుంది అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన తెరుచుకోలేదు అని రాసి, సంతకం పెట్టాను, పెన్సిలు గుర్తు ఉన్న చోట కాదు, దాని కింద. తారీఖు దగ్గరకొచ్చి, కల్నల్‌కు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "అది రాస్తే పాతవి తొమ్మిదీ ఏమవుతాయో ఆలోచించారా అమ్మా? వాటి మీద ఉన్నది మీ సంతకం, నాది కాదు." ఆలోచించాను సార్ అన్నాను. ఆయన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. తలుపు పూర్తిగా మూసుకోలేదు. వాయిదాకు కారణం వాతావరణం అని వెయ్యండి, వాతావరణం అనుకూలించక అంటే చాలు, ఎవరూ అడగరు, అంటున్నాడు. కిటికీ బయట కార్ల మీద ఎండ కళ్ళు పొడిచేస్తోంది. ముద్ర స్టాంపు సర్దుకుని ఆయన వెనకాలే వెళ్ళిపోయాడు.

కల్నల్ గోడ దగ్గర్నుంచి కదిలి గాజులోంచి మూతను చూశాడు, చాలాసేపు. తర్వాత నా వైపు తిరిగాడు. "మేడం, ఇది నమూనా అని తెలుసు. రాకెట్టు మీద ఉన్నది తెరుచుకుంటుందా?" అని అడిగాడు.

"తెలియదు సార్," అన్నాను. "ఐదేళ్ళుగా తెలియదు. తెలుసని తొమ్మిదిసార్లు రాశాను."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, మొదటిది ఎప్పుడు రాశారు అని అడిగాడు. ఫిట్టరన్న తలుపు వేసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాను.